శోషణ అనే మాట

సుక్మా బస్సుల్లో కిటికీలు స్వతంత్ర భావాలు గలవి. వానకు తెరుచుకుంటాయి, ఎండకు మూసుకుంటాయి. ఆ రోజు అలా మూసుకున్న ఒక కిటికీ పక్కన కూర్చుని, మర్నాడు తెలుగు మాట్లాడే సరిహద్దు ఊళ్లో చెప్పాల్సిన మాటలు వల్లిస్తున్నాను. కొత్త మలేరియా మందు పరీక్షలో చేరేవాళ్లకు, అది ఒంట్లోకి ఎలా చేరి ఎలా బయటికి పోతుందో తెలుగులో వివరించడం నా పని. వాళ్లకు అర్థం కాకపోతే నా ఉద్యోగానికీ అర్థం ఉండదు.

"మందు మీ శరీరంలో శోషణ చెందుతుంది" అన్నాను, కాస్త గట్టిగానే.

పక్క సీట్లో చింతపండు బుట్టతో ఉన్న పెద్దమ్మ నావైపు తిరిగింది.

"ఏంది బిడ్డా, మమ్మల్ని శోషణ్ చేస్తరా?"

హిందీలో శోషణ్ అంటే దోపిడీ. ఇక్కడివాళ్లు తెలుగును హిందీ చెవితో కూడా వింటారని నాకు తట్టలేదు. మందు రక్తంలో కలవడమేనని సర్దిచెప్పాను.

"గంతేనా? తాగింది ఎక్కుతది, తెల్లారితే దిగుతది. గోలీ గూడ గట్లనే గద. అదే చెప్పు."

ఎక్కడం, దిగడం. బస్సులో కూర్చుని కూడా నాకు దొరకని మాటలు. మర్నాడు ఊళ్లో అవే చెప్పాను, ఎవరూ లేచి వెళ్లిపోలేదు. ఇప్పటికీ వాటి మీదే నా జీతం నడుస్తోంది. నేను పేరైనా అడగని ఆ పెద్దమ్మకు మనసులో చాలాసార్లు దండం పెట్టుకున్నాను.

ఆ రోజు బస్సులో, తన ఊరు రాగానే ఆమె బుట్ట నెత్తికెత్తుకుని, మెట్టు మీద ఆగి అంది:

"మందు ఎక్కుతది, దిగుతది, మంచిగుంది. నడుమల మనిషి పడిపోతే లేపేదెవరు?"