అపభ్రంశం అనమన్నారు

ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చిన మరుసటి ఏడు, విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర విభాగంలో ఆచార్యురాలిగా నా ఉద్యోగం చివరి దశకు వచ్చింది. అప్పుడు నేను పర్యవేక్షిస్తున్న పరిశోధక విద్యార్థిని స్వరూప. నల్గొండ పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం ఆమెది. నేను తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో కాపురమున్నదాన్ని. స్వరూప తమ అపార్ట్‌మెంటులో పక్కపక్కనే ఉండే కోస్తా, తెలంగాణ ఆడవాళ్ల కబుర్లను, వాళ్ల అనుమతితోనే రికార్డు చేసింది.

ఆ వేసవి సాయంత్రాలన్నీ మా వరండాలో ఆ గొంతులు వింటూ గడిచాయి. చెవిన పడ్డది పడ్డట్టు రాయాలి కనుక ఒక్కో వాక్యాన్నీ మళ్లీ మళ్లీ వేసుకునేవాళ్లం. వినగా వినగా అర్థం కరిగిపోయి రాగమొక్కటే మిగిలేది. "ఒస్తా" అన్నదెవరో, "వస్తాను" అన్నదెవరో తెలియని మగతలో, దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లే రైలు చప్పుడు కూడా ఎవరో అంటున్న మాటలా తోచేది.

ఆ మగతలోనే ఒక సంగతి తేలింది. గుంటూరు నుంచి వచ్చిన శేషమ్మగారు, పక్కింటి తెలంగాణ ఆవిడతో కష్టసుఖాలు చెప్పుకునేటప్పుడు మాత్రం "ఎట్ల", "గిట్ల" అంటున్నారు. దాని మీదే ఒక సదస్సుకు సారాంశం పంపాం. సారాంశం ఒక్క పేజీ దాటకూడదు. అందులో మా పేర్లుండవు. చదివి తీర్పు చెప్పే సమీక్షకులెవరో మాకూ తెలియదు. సదస్సులో పత్రం సమర్పించనిదే స్వరూప సిద్ధాంత గ్రంథం ఇవ్వడానికి లేదు. ఫెలోషిప్ గడువేమో ముంచుకొస్తోంది.

ఒక సమీక్షకుడు మెచ్చుకున్నారు. రెండోవారు 'తెలంగాణ రూపాలు' అన్నచోటల్లా 'అపభ్రంశాలు' అని మారిస్తేనే ఒప్పుకుంటానన్నారు. అపభ్రంశమంటే ఉన్నచోటు నుంచి జారిపడ్డ మాట.

"పత్రానికి మొదటి రచయితవు నువ్వు. నువ్వే తేల్చుకో" అన్నాను.

అన్నాళ్లూ నాతో పుస్తకాల తెలుగులోనే మాట్లాడిన స్వరూప ముఖం ఎర్రబడింది. "మా అమ్మ మాట అపభ్రంశం ఎట్లయితది మేడం? గట్ల రాసి పట్టా తెచ్చుకుంటే ఇంట్ల ఏ మొకం పెట్టుకొని మాట్లాడాలె?"

"కోపం సమాధానం కాదమ్మా. ఆధారం చూపించు."

శేషమ్మగారి రికార్డింగు మళ్లీ వేసి అంది: "శేషమ్మ ఆంటీ గూడ గట్లనే అంటున్నది గద. ఆమె ఏడికెల్లి జారిపడ్డదో జర చెప్పమందాం."

అదే ప్రశ్నను మర్యాదగా, ఉదాహరణలతో సదస్సువారికి రాసి పంపాం. పదం మార్చలేదు. నిర్వాహకులు ప్రసంగానికి బదులు పోస్టరుకు అవకాశం ఇచ్చారు. పత్రాన్ని గోడకు అతికించి, ఆగినవారికి వివరించాలి. నియమాల ప్రకారం అదీ సమర్పణే. సదస్సు రోజు, ఉదయం వేదిక మీద గ్రాంథికంగా ప్రసంగించిన పెద్దాయన ఒకరు మా ఉదాహరణల ముందు చాలాసేపు పెదవులు కదుపుతూ నిలబడ్డారు. ఏదో కలలోంచి మాట్లాడుతున్నట్టు, "మా అత్తమ్మ గిట్లనే అంటుండె" అన్నారు. స్వరూప ఆయనకు కుర్చీ వేసింది.

ఆమె గడువులోగానే గ్రంథం ఇచ్చింది. ఉదాహరణలకు ఆధారం అడిగినట్టే పారిభాషిక పదానికీ ఆధారం అడగాలని ఆ వ్యవహారం నాకు నేర్పింది. ఆ పదం సమీక్షకుడు ఇచ్చిందైనా సరే.