మా పాప పట్టని మౌనవ్రతం

జమ్మలమడుగులో చుట్టాల గృహప్రవేశానికి పోయి, పిలిచినవాళ్ళ పరువూ నా పరువూ ఒకే పందిట్లో ఎలా తీశానో చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా పాప అమ్ములుకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు రావు. సంతోషమేస్తే రెండు చేతులూ గాల్లో ఆడిస్తుంది. విషయం ఇంతే. కానీ ప్రొద్దుటూరులో మా గడప దాటి ఏ శుభకార్యానికి పోయినా ఒకటే ప్రశ్న: "చిన్నప్పుడు వస పోయలేదా?" వసకొమ్ము అరగదీసి పిల్లల నాలుక మీద రాస్తే మాటలొస్తాయని మావాళ్ళ నమ్మకం. పోశాం తల్లీ, పోశాం! పోసిన వసకు మా పాప ఈపాటికి ఎన్నికల ప్రచారం చేస్తూ ఉండాలి.

మా అత్త అక్క, పులివెందుల పెద్దత్త, మరీ ఘోరం. అంతకుముందు ఒక పెళ్ళిలో కొంగుముడి విప్పి వసకొమ్ము తీసి, అరగదీసి, పాప నోట్లో వేలు పెట్టింది. పాప కొరికింది. నేనైనా కొరికేదాన్నే. తిట్లు మాత్రం నాకు పడ్డాయి: "తల్లి సక్కంగా పెంచింటే ఇట్లుంటాదా?" ఆ తర్వాత చాలా రోజులు ఏ ఊరికీ పోలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి చివరికి కోపమొచ్చింది. దాక్కోవడానికి మేమేం నేరం చేశాం? పోదాం పదమని మా ఆయన్ని లేవదీశాను.

పందిట్లో అడుగు పెట్టామో లేదో, పెద్దత్త ఎదురైంది.

"ఏమ్మే, పాప ఇంకా మాట్లాడేది లేదా?"

దీటుగా జవాబివ్వాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"మాట్లాడగూడదు పెద్దత్తా. మౌనవ్రతంలో ఉండాది."

మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. "ఏందిది?"

"గమ్మునుండు," అన్నాను.

పెద్దత్త లెంపలేసుకుంది. "ఇంత సిన్న బిడ్డకు ఎంత నిష్ఠమ్మే! ముందరే చెప్పాల్సింటివి గదా!"

అయ్యో పాపం అనే మాట వినపడని మొదటి ఫంక్షను అది. కాసేపు గాల్లో తేలాను. కిందికి చూసేసరికి పాపను పూజగది ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దత్తే మొదట కాళ్ళకు మొక్కింది. ఎవరో ఒడి నిండా అరటిపళ్ళు పెట్టారు. అమ్ములుకు అరటిపండంటే ప్రాణం. చేతులు ఆడించింది.

"సూడండి, దీవిస్తాండాది!"

ఇక ఆగుతారా? ఆకుల్లో ఓళిగలు చల్లారిపోతున్నా జనం వరుస కట్టారు. తుమ్మలపల్లె నుంచి వచ్చిన ఒక మామ కండువా నడుముకు చుట్టుకుని వంగాడు.

"తల్లీ, మావానికి మా ఊరి యురేనియం మైన్‌లో ఉద్యోగం వస్తాదా?"

చేతులు ఆడాయి. ఆయన పరుగెత్తిపోయి తమ్ముణ్ణి కూడా పిలుచుకొచ్చాడు.

"ఇది యాడికి పోతాందో నీకేమన్నా తెలుస్తాందా?" అన్నాడు మా ఆయన.

"తెలిస్తే చెప్పనా?"

అంతలో పెద్దత్తకు ఇంకో ఆలోచన వచ్చింది. "వ్రతం ఈడే ముగిద్దాం. బిడ్డ తొలిమాట కొత్తింట్లో పలికితే శానా మంచిది!" మేళగాళ్ళకు సైగ చేసింది. డోలు, నాదస్వరం ఒక్కసారిగా అందుకున్నాయి. జనం ఇంకా దగ్గరికి జరిగారు. అమ్ములు చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. భయపడితేనే అలా ఊగుతుంది. ఆ సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది? చెప్పాల్సిన నేను కట్టుకథ చెప్పాను. సిగ్గేసింది, నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

పక్కనున్న కుర్చీ ఎక్కి అరిచాను.

"ఆపండప్పా మేళం! వ్రతం లేదు, ఏమీ లేదు. నా బిడ్డకు ఆటిజం, మాటలు రావు. వస పోసినా రావు, మేళం వాయించినా రావు. అది నా తప్పు గాదు, దాని తప్పు అసలే గాదు. జరగండి, గాలి రానీండి!"

మేళం ఆగింది. తుమ్మలపల్లె మామ మెల్లగా అడిగాడు: "అయితే మావాని ఉద్యోగం?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దత్త ముఖం కందగడ్డయింది. "అంటే నేను ఊరికే కాళ్ళకు మొక్కితినా?"

"నోట్లో వేలు పెట్టినావు గదా పెద్దత్తా. దానికీ దీనికీ చెల్లు."

పాపను ఎత్తుకుని పెరట్లోకి పోయాను. నా భుజం మీద తల పెట్టి ఊగడం ఆపింది. ఇన్నేళ్ళుగా గుండె మీదున్న బరువేదో దిగిపోయింది, నిజంగా. ఆకలి కూడా వేసింది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇదే నా ప్రతిజ్ఞ. ఇకపై నా కూతురికి ఏ వ్రతమూ అంటగట్టను. ప్రతి పెళ్ళికీ పోతాం, మొదటి బంతిలోనే కూర్చుంటాం, అడిగినవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వినలేనివాళ్ళు రెండో బంతిలో తినొచ్చు.