గేటు మీది అక్క

మొన్న బడులు తెరిచే రోజుల్లో చిత్తూరు బస్టాండు ముందు ఆటో కోసం నిలబడి ఉంటే, ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు. చుట్ట విప్పగానే కిరసనాయిలు, రబ్బరు కలిసి కాలినట్టుండే ఆ రంగు వాసన గుప్పున కొట్టింది. ఏదో బడి పిల్లల ముఖాలు, ముఖాల కింద మార్కులు. పక్కనున్నవాళ్లు తలెత్తి చూశారు. నేను తల తిప్పుకున్నాను.

మాది చిత్తూరుకు దగ్గరి పల్లె. చెరుకు, మామిడి, కాస్త మెట్టలో శెనిక్కాయ. నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఆ ఏడు కూడా, ఎప్పటిలాగే, బడి తెరిచేనాటికి బెంగళూరా మామిడికాయలు ట్రాక్టర్లకెత్తి గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతున్నారు. దారి పొడుగునా టైర్ల కింద నలిగిన పండ్లు, పులిసిన తొక్కల వాసన, వాటి మీద ముసిరే ఈగలు. పొద్దున్నే సంగటి ముద్దలో గుంట చేసి అమ్మ వేసే శెనిక్కాయల పచ్చడి ఊరిబిండి, దాని మీద ఒక గరిటె నెయ్యి, అది తిని నాయన మోపెడ్ వెనక కూర్చుంటే టౌను చేరేలోపు నిద్ర ముంచుకొచ్చేది. చలికాలం గానుగ ఆడే రోజుల్లో చెరుకు పిప్పి మంటల దగ్గర కూర్చుని, పొంగే బెల్లం పాకాన్ని చెరుకు ముక్కకు చుట్టుకుని నాలుక కాల్చుకునేవాళ్లం. మేలో తిరుపతి గంగజాతరకు మేనత్త ఇంటికి పోతే, ఒంటికి బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకుని ఎదురొచ్చే బావలను గుర్తుపట్టలేక కేకలు పెట్టేవాళ్లం. మధ్యాహ్నాలు అవ్వ చింతగింజలతో వామనగుంటలు ఆడుతూ ఏవేవో చెప్పేది: ఫలానా గుట్ట కింద నిధి ఉందని, ఫలానా రాజు ఈ దారినే పోయాడని. ఎవరు చూశారవ్వా అని అడిగితే గింజలు ఎత్తడం ఆపకుండానే, "పెద్దోళ్ళు చెప్పినారు, అయిపాయె" అనేది. మా ఇంట్లో నిజమంటే అదే. పెద్దవాళ్లు చెప్పింది.

దాన్ని కదిలించిన మనిషి హేమలత మిస్. పుత్తూరు వైపు పిల్ల, మాటలో అరవ యాస, ఎప్పుడూ జడ చివర ఒక కనకాంబరం. మా ప్రైవేటు బడికి కంప్యూటర్ టీచరుగా వచ్చింది. బడిలో నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే, అదీ కరస్పాండెంటు గదిలో, పూల గుడ్డ కప్పుకుని ఉండేది. అందుకని మిస్ శనివారాలు సాయంత్రం ఆడపిల్లలం కొందరిని, ఇంట్లో అడిగి, బస్టాండు వెనక సందులోని నెట్ సెంటరుకు తీసుకుపోయేది. ప్లైవుడ్ చెక్కలతో చేసిన చిన్న చిన్న గదులు, వేడెక్కిన దుమ్ము వాసన, గల్లాపెట్టె మీద వెంకటేశ్వరస్వామి పటానికి గుచ్చిన ఊదువత్తి పొగ. ఒక్కో పేజీ పైనుంచి కిందికి నిదానంగా, చాప విప్పినట్టు తెరుచుకునేది. తెరుచుకునేదాకా నేనూ మెర్సీ ఒకే కుర్చీలో చెరి సగం కూర్చుని కాచుకునేవాళ్లం.

మెర్సీ నా స్నేహితురాలు. వాళ్లమ్మ మరియమ్మ మా బడిలోనే ఆయా. గంట కొట్టేది, బానలకు నీళ్లు నింపేది, చిన్నపిల్లల చీమిడి తుడిచేది. అందుకే మెర్సీ ఆ బడిలో చదవగలిగేది. క్లాసులో అందరికన్నా చక్కటి చేతిరాత దానిదే.

మొదటి వారం మిస్ మాతో తలకోన జలపాతం ఎత్తు ఎంతో వెతికించింది. నాలుగు పేజీలు దొరికాయి, నాలుగింటిలోనూ ఒకే ఎత్తు. మేము సంబరంగా రాసుకున్నాం. మిస్ తెర మీద వేలు పెట్టి చూపించింది. ఒకే మాట, ఒకే అక్షరదోషంతో, నాలుగు చోట్లా ఉంది.

"నలుగురు చెప్పినారని అనుకుంటిరి గదా. నలుగురు కాదు మే, ఒకరే. మిగతావాళ్ళు ఆయన్ను సూసి రాసుకున్నోళ్ళు. రాసినోడు ఎవురు, వాడికి ఎట్లా తెలిసింది, అది సూడండి ముందు."

ఆ సాయంత్రం ఇంటికి పోతూ నాకు ఒళ్లంతా ఏదో కొత్తగా అనిపించింది. గుట్ట కింద నిధి గురించి అవ్వను ఇంకోలా అడగాలనిపించింది.

వానాకాలం మధ్యలో మిస్ ఒక పని ఇచ్చింది. ఊళ్లో గోడల మీద రాసిన మాట ఏదైనా ఒకటి తీసుకుని, అది నిజమో కాదో తేల్చి, ఒక తెల్ల కాగితం మీద రాసి క్లాసు గోడకు అంటించాలి. ఒకరు పళ్లపొడి తీసుకున్నారు, ఒకరు సున్నం కంపెనీ తీసుకున్నారు. మెర్సీ మా బడి గేటు మీది ఫ్లెక్సీని తీసుకుంది.

అప్పట్లో ఫ్లెక్సీ అంటే టౌనులో వింత. మా గేటు మీద కట్టినదాంట్లో రెండు జడల అక్క ఒకామె నవ్వుతూ ఉండేది. కింద పదో తరగతిలో ఆమె మార్కులు, హాల్‌టికెట్ నంబరు, "మా పాఠశాల ఆణిముత్యం" అన్న మాట. మెర్సీ తప్పు పట్టడానికి తీసుకోలేదు. రోజూ ఆ గేటులోంచి లోపలికి వచ్చేటప్పుడు ఆ అక్కను చూసి ఒక్క క్షణం ఆగేది. ఆమె ఎట్లా చదివిందో, ఇప్పుడు ఎక్కడ చదువుతోందో తెలుసుకుని రాయాలని దాని ఆశ.

నంబరు నేనే కొట్టాను. ఫలితాల పేజీలో పేరు సరిపోయింది, మార్కులూ సరిపోయాయి. మెర్సీ చప్పట్లు కొట్టింది. "ఇంగోచోట గూడా సూడండి" అంది మిస్. ఫలితాలు వచ్చిన నాటి ఒక పేపరు వార్త దొరికింది. అదే రెండు జడల ఫోటో. కానీ వార్తలో ఆ అక్క చదివింది కార్వేటినగరం దగ్గరి ఒక పల్లెలో, సర్కారు బడిలో అని ఉంది. వాళ్ల నాయన కూలి పనికి పోతాడని ఉంది. మెర్సీ ముఖం వాడిపోయింది.

"పేపరోళ్ళే తప్పు రాసుండారేమో మిస్" అంది.

"రాసుండొచ్చు. ఆ ఊరోళ్ళను ఎవురినన్నా అడుగుదాం" అంది మిస్.

కార్వేటినగరంలో మా చిన్నమ్మ ఉండేది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాం. చిన్నమ్మ తడుముకోకుండా చెప్పింది: "ఆ పాపా? ఈడ సర్కారు బళ్ళోనే సదివింది. రోజూ మా ఇంటి ముందరే నడిచి పోతాండె. చిత్తూరులో యాడ సదివింది?"

మెర్సీ ఆ రాత్రి ఏం ఆలోచించిందో నాకు తెలియదు. మరుసటి రోజు తన చక్కటి చేతిరాతతో, ఒక్క నింద మాట లేకుండా రాసింది. ఈ అక్క మార్కులు నిజం, ఈ అక్క మన బడిలో చదివింది అన్నది నిజం కాదు, మేము ఇక్కడ చూశాం, వీళ్లను అడిగాం అని. అది మిస్ రెండుసార్లు చదివింది. తర్వాత జిగురు సీసా తనే తెచ్చి ఇచ్చింది.

ఆ వారంలోనే కరస్పాండెంటు ఎవరో కొత్తగా చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకు క్లాసులు చూపిస్తూ మా క్లాసుకు వచ్చాడు. ఆ తల్లి గోడ దగ్గర ఆగి చదవడం మొదలుపెట్టింది. ఆయన ఆమె వెనక నుంచి చేయి చాచి ఆ కాగితాన్ని గోడ సున్నంతో సహా పెరికేశాడు.

మీటింగు ఆయన గదిలోనే పెట్టారు. మా నాయన, ఇంకొందరు తండ్రులు కుర్చీల్లో. మిస్, మెర్సీ, నేను నిలబడి. మరియమ్మ తలుపు అవతల, చేతిలో నీళ్ల జగ్గుతో. ఫ్లెక్సీ గురించి ఎవరూ మాట్లాడలేదు. కరస్పాండెంటు మొదలుపెట్టిందే నెట్ సెంటరుతో. వయసొచ్చిన ఆడపిల్లల్ని చెక్క గదుల్లో కూర్చోబెట్టి, తెర మీద ఏమేం చూపిస్తోందో మీకు తెలుసా అన్నాడు. అంతే, తండ్రులందరికీ గొంతు వచ్చింది. "ఆ సెంటర్లో మొగపిల్లోళ్ళు ఏమి సూస్తారో మాకు తెల్దా?" అని ఒకాయన. "ఇదేం సదువు మే?" అని మా నాయన. ఆ మాట మిస్‌తో అన్నాడు, మా పనిపిల్లతో అన్నట్టు. తీసుకుపోతున్నట్టు ఇంటింటికీ చెప్పాను గదా సార్ అని మిస్ ఒక్కసారి అంది. ఎవరూ వినలేదు.

చివరికి కరస్పాండెంటు మెర్సీ వైపు తిరిగి, తప్పుగా చూశామని చెప్పు, ఇంతటితో వదిలేస్తాను అన్నాడు.

మెర్సీ వాళ్లమ్మ వైపు చూసింది. మరియమ్మ కళ్లతోనే వద్దు వద్దు అంటోంది. మెర్సీ కరస్పాండెంటు వైపు తిరిగింది.

"మేము సూసింది ఆడ ఉన్నింది సార్. మీ కంప్యూటర్లో గూడా ఉంటాది. మీరే సూడండి."

"నంబరు కొట్టింది నేను" అని నేనూ గట్టిగా అన్నాను. నాయన నా చేయి పట్టి వెనక్కి లాగాడు. కరస్పాండెంటు నవ్వి, "మీ పాప చిన్నపిల్ల, దానికేం తెలుసు" అన్నాడు. మెర్సీది నా వయసే. కంప్యూటరు ఆయన మోచేతి పక్కనే ఉంది. పూల గుడ్డ తీసి చూడటానికి ఎంతసేపు? అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరి కళ్లు కూడా అటు పోలేదు. నా జీవితంలో నేను చూసిన అసహ్యమైన దృశ్యం ఏదని అడిగితే, ఇప్పటికీ అదే చెబుతాను.

మిస్‌ను ఆ సాయంత్రమే పంపేశారు. మరుసటి వారం గంట కొట్టడానికి వేరే ఆయా వచ్చింది. మరియమ్మ మెర్సీని తీసుకుని తడ దగ్గర తన అన్న ఇంటికి వెళ్లిపోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అక్క గేటు మీద ఏడాది పొడుగునా నవ్వుతూనే ఉంది, ఎండకు రంగు వెలిసేదాకా.

ఆ మీటింగు రోజు మోపెడ్ మీద ఇంటికి పోతూ నేను ఏడుస్తున్నాను. గాలిలో నాయనకు వినపడాలని అరిచాను. "నువ్వన్నా సూసుండొచ్చు గదా నాయనా!"

నాయన బండి ఆపలేదు. "ఏంది సూసేది? ఆ పిల్ల ఈ బళ్ళో సదవలేదని నాకు తెల్దనుకున్నావా? అందరికీ తెలుసు. తెలిసే సేర్పించినాము."

"మరి మిస్‌ను ఎందుకట్లా అంటివి?"

"తెలిసిందాన్ని ఎవురన్నా గోడకు అంటిస్తారా?"

అవ్వ నిధి కథ చెబితే నిజమని నమ్మి చెప్పేది. వీళ్లు అలా కాదు.

నెట్ సెంటరు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. గానుగలు ఆడటం ఎప్పుడో ఆగిపోయింది. అవ్వ లేదు. వామనగుంటల పీటను పొయ్యిలో పెట్టేశారు. హేమలత మిస్ పుత్తూరులో ఏదో బట్టల కొట్లో బిల్లులు కొడుతోందని ఒకసారి విన్నాను. పోయి చూసేసరికి ఆ కొట్టే లేదు. మెర్సీ చదువు పదో తరగతితో ఆగిందని, అంతవరకే తెలిసింది.

ఇప్పుడు నాయన చేతికి ఫోన్ వచ్చింది. రోజంతా ఎవరెవరో పంపేవి చదువుతూ ఉంటాడు. ఫలానా ఆకు రసంతో షుగరు పోతుందని, ఫలానా మతంవాళ్లు ఫలానా పని చేశారని. నేను ఇంటికి పోయినప్పుడల్లా ఫోన్ నా ముందు పెట్టి, "ఇది నిజమేనా సూడమ్మా, నీకు సూసేది తెలుసు గదా" అంటాడు. నేను కూర్చుని, ఎవరు రాశారో, ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఇంకోచోట ఏముందో, మిస్ నేర్పినట్టే చూస్తాను. పోయిన వారం కూడా అట్లా వచ్చిన ఒక ఫోటోను చూశాను. చూసి, అబద్ధం నాయనా, ఆ ఫోటో ఈ దేశానిదే కాదు అని చెప్పాను.

నాయన తల ఊపి ఫోన్ తీసుకున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని, వేలితో నిదానంగా ఒత్తి, దాన్ని మా చుట్టాలందరికీ పంపించాడు.

"అబద్ధమైతే ఏమిలే మా" అన్నాడు. "బాగుండాది గదా."