మాంతువా కోటలో పైకప్పుకు పెట్టిన ఆకాశం

మద్రాసులో ఎక్కించిన ఇనుప ఖనిజాన్ని వెనిస్ రేవులో దించుతుంటే మాకు సాయంత్రం దాకా సెలవు దొరికింది. మాంతువా వెళ్ళి డ్యూకుల కోట చూసొస్తానంటే ఓడలో ఒక ఆఫీసరు నవ్వాడు. "డెక్కు కడిగేవాడికి కోటెందుకు?" అన్నాడు. అంతటితో నా ప్రయాణం ఖాయమైంది. కోటలు కట్టింది డెక్కు కడిగేవాళ్ళలాంటి వాళ్ళే. నేను బడికి పోయింది తక్కువ. పొట్లాలు కట్టిన కాగితాలు, పాత పుస్తకాల అంగళ్ళు నాకు చదువు చెప్పాయి. అలా దొరికిన ఒక పుస్తకంలోనే ఆ కోటలోని బొమ్మల గది గురించి చదివాను. ఆ గది పైకప్పు చూడకుండా ఇటలీ నుంచి కదలదలచుకోలేదు.

నాతో పోలయ్య మామ వచ్చాడు. ఇద్దరిదీ సముద్రపొడ్డున జువ్వలదిన్నె ఊరే. నాకు తెప్ప నడపడం నేర్పింది, ఓడ పని ఇప్పించింది ఆయనే. రాత్రిపూట ఓడ ముందు భాగాన నిలబడి, ఎదురుగా దీపం కనిపిస్తే గంట కొట్టడం ఆయన పని. ఈ మధ్య ఆ గంట ఆలస్యమవుతోంది. నాకు అనుమానంగా ఉంది, కానీ మా తీరంలో తెప్ప మీద పెద్దవాడు నీళ్ళ రంగు చూసి వల వెయ్యమంటే వెయ్యాల్సిందే. ఆయన చూపును శంకించే నోరు ఎవరికీ ఉండదు. ఆ సాయంత్రమే ఓడ బయలుదేరుతుంది. రాత్రి కాపలా మామదే.

పొద్దున్నే రెండో తరగతిలో వెరోనా దాకా వెళ్ళి, అక్కడ బండి మారాం. వెరోనా నుంచి మాంతువా గంట ప్రయాణం. ఇద్దరికీ రానూపోనూ ఖర్చు మా రెండు రోజుల జీతం దాటలేదు. ఊరికి మూడు పక్కలా చెరువులే, నదికి కట్ట వేసి నిలిపిన నీళ్ళు.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క పడవ లేదేంది అబ్బయా?" అన్నాడు మామ.

"ఉంది మామా, ఆ రెల్లు పక్కన."

"ఆఁ, చూసినాలే."

కోట అంటే ఒక్క కట్టడం కాదు. గొంజాగా వంశంవాళ్ళు పాత ఏలికలను నరికి ఊరిని పట్టుకున్నాక, మూడు వందల ఏళ్ళపాటు మేడ పక్కన మేడ కట్టుకుంటూ పోయారు. గుడి, తోటలు, వసారాలు అన్నీ కలిపి అయిదు వందల గదులని చెబుతారు. ప్రభువులు గుర్రం దిగకుండా పైఅంతస్తుకు పోవడానికి మెట్లు లేని చుట్టుదారి ఒకటి వేయించారు. సున్నం తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కినవాళ్ళకు ఏ గుర్రం ఇచ్చారో ఎక్కడా రాసి లేదు.

బొమ్మల గది దగ్గర ముసలి కాపలాదారు ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడి బెంగుళూరులో ఖైదీగా ఉండి వచ్చీరాని ఇంగ్లీషు నేర్చాడట. "మీ దేశంలో నాకు చూపించిన కోటకు ముళ్ళకంచె ఉండేది," అన్నాడు.

"అది వేసిన దొరలే మమ్మల్నీ కంచెలో పెట్టారు," అన్నాను.

ఫక్కున నవ్వి లోపలికి రమ్మన్నాడు. కోట కథంతా ఆయనే చెప్పాడు. చివరికి అప్పుల్లో పడ్డ డ్యూకు మంచి మంచి పటాలు ఇంగ్లండు రాజుకు అమ్ముకున్నాడు. ఆ వెంటనే శత్రు సైన్యం వచ్చి మిగిలింది దోచుకుంది, వెనకే మహమ్మారి వచ్చింది. ఈ గది బొమ్మలు గోడ మీదివి కనుక ఎవరూ మోసుకుపోలేకపోయారు.

తల ఎత్తాం. పైకప్పు నడుమ గుండ్రంగా నీలాకాశం, తెల్ల మబ్బులు.

"పైన కంత పెట్టినారేందిరా, వానొస్తే ఎట్టా?" అన్నాడు మామ. నేను ఆ మాట ఇంగ్లీషులో చెబితే కాపలాదారు చప్పట్లు కొట్టాడు. అంతా బొమ్మేనట, అందరూ మోసపోతారట. "ఆ కంత అంచు మీద వంగి నవ్వుతున్న ఆడవాళ్ళలో మిమ్మల్ని చూసి నవ్వుతున్నదెవరు?" అని అడిగాడు.

నేను తెలుగులో చెప్పాను. మామ చాలాసేపు పైకి చూశాడు.

"ఎవురు? ఆడ ఎవురుండారు?"

మధ్యాహ్నం స్టేషను దారిలోని పూటకూళ్ళ అంగట్లో గుమ్మడికాయ పూర్ణం పెట్టిన పిండిమడతలు తిన్నాను. తియ్యగా, వెన్నతో బాగుంటాయి. మామ ముట్టలేదు. నేను చెప్పకుండా ఆగలేకపోయాను.

"మామా, ఆడ ఆడోళ్ళు శానామంది ఉండారు. నీకు కనపడలా. ఈ రాత్రి ఓడ ముందర నువ్వు నిలబడబాక."

"నన్ను దించేటోడివా రా నువ్వు?"

"నేను దించను. ఓడలో ముప్పైమందిమి ఉండాం, అంతే చెప్తాండా."

రైల్లో రేవుకు తిరిగొచ్చాం. ఓడ ఎక్కగానే మామ తిన్నగా డెక్కు పనివాళ్ళకు పెద్ద అయిన మా సరంగు దగ్గరికి పోయాడు. "ఈ అబ్బయ్యను ముందర నిలబెట్టు. నాకు తాళ్ళ పనియ్యి. నా కండ్లు అయిపోయినాయి," అన్నాడు. చూపు తగ్గినవాణ్ణి మద్రాసులో కంపెనీ పనిలో ఉంచుకోదని ఆయనకు తెలుసు. అయినా అన్నాడు.

అయిదు వందల గదులున్నవాళ్ళలో ఒక్కడూ తనంతట తాను దిగలేదు. అప్పులు, సైన్యాలు, రోగాలు వచ్చి దించాయి. తెప్ప మీద మాకు వేరే పద్ధతి ఉంది. చూపు తగ్గిన పెద్దవాడు తన చేత్తోనే గడ అందించి వెనక్కి జరుగుతాడు. ఆ కోట నాకు గొప్పగా కనిపించలేదు. ఆ రోజు నేను చూసిన గొప్ప, సరంగు ముందు నిలబడ్డ మనిషి.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట: గదిలోకి పోగానే తల ఎత్తకండి, ముందు కళ్ళను ఆ మసక వెలుతురుకు అలవాటు పడనివ్వండి. తర్వాత మీకేం కనపడిందో పక్కవాడికి ఉన్నదున్నట్టు చెప్పండి.