జీపుకు అంటుకుపోయిన పాటల పెట్టె

నిన్న జీపు నడిపే ఆయతు ఆటోలో వేసుకొచ్చి గీదం ఊళ్లోని మా ఇంటి వసారాలో దించిన వస్తువును చూసి, పక్కింటివాళ్లు విరిగిన నీళ్ల తొట్టి అనుకున్నారు. తన పాత జీపును తుక్కు కింద అమ్మేస్తూ, వెనక అడుగురేకు కోయించి, రేకుతో సహా ఈ స్పీకరు పెట్టెను మాత్రం నాకోసం తెచ్చాడు. "పారెయ్యబుద్ధి కాలే అత్తా. మామ చేత్తో చేసింది గదా," అన్నాడు. ఆ మామ, అంటే మా ఆయన రామలింగం, పోయి అప్పుడే రెండేళ్లు. ఆయతు టీ తాగి వెళ్లాక కొంగుతో పెట్టె మీది దుమ్ము తుడిచాను. ఎర్రదనం పోలేదు. అది పోయేది కాదులెండి.

బైలాడిల్లా కొండ మీద ఇనపరాయిని పిండి చేసే క్రషర్ దగ్గర ఆయన ఉద్యోగం. నేను గోదావరి నీళ్లకు అలవాటుపడినదాన్ని. కాపురానికి కొండ కింది కిరందుల్ ఊరికి వచ్చిన కొత్తలో ఆ ఎర్ర దుమ్ము చూసి ఏడుపొచ్చేది. ఆరేసిన చీర ఎరుపు, పిల్ల పాలసీసా ఎరుపు, సాయంత్రం ఇంటికొచ్చిన మొగుడి కనుబొమ్మలు ఎరుపు. రోజూ తిట్టుకుంటూనే ఉతికాను. ఇప్పుడు అదే ఎరుపు ఎక్కడైనా కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

ఆ క్రషర్ చప్పుడు ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. ముందు కుక్కర్ కూత పోయింది, తర్వాత ఫోను గంట, ఆ తర్వాత మనుషుల మాటలు. లారీ మూలుగు, డోలు దెబ్బలాంటి బరువైన చప్పుళ్లు మాత్రం అందేవి. ఆ సంగతి ఒప్పుకుంటే ఆయన రామలింగం ఎందుకవుతారు? నేనేం చెప్పినా నవ్వి తలూపేవారు. తిట్టినా అదే నవ్వు. పెళ్లయిన కొత్తలోనూ అంతే, నా మాట వింటున్నారో లేదో ఎన్నడూ తెలిసేది కాదు. అందుకే వినపడటం ఎప్పుడు మానేసిందో నేను కూడా కనిపెట్టలేకపోయాను.

ఉద్యోగం మానేశాక గీదంలో చిన్న షెడ్డు వేసుకున్నారు. గనిలో ఉండగా ట్యాంకులకు ఫైబర్ పూత వెయ్యడం నేర్చుకున్నారు కాబట్టి కూలర్ తొట్లు, జీపుల మడ్‌గార్డులు అతికేవారు. ఆ ఫైబర్‌లోని గాజుపీచు ఒంటికంటుకుంటే దురదే దురద. ఆయన చొక్కాలు విడిగా నానబెట్టేదాన్ని, సణుగుతూనే.

అప్పుడొచ్చాడు ఆయతు. వాళ్లది మరైగూడ అనే ఊరు. వాళ్ల నాన్న కోస ఒకప్పుడు కొండ మీద కూలి చేశాడు. మా అమ్మాయి జ్ఞానప్రసూనను ఉయ్యాలలో వేసిన రోజున నేను సొంతంగా కట్టుకున్న లాలిపాట పాడితే, పక్కన కూర్చుని డోలు వాయించింది కోసే. అది క్యాసెట్టులో ఎక్కించి దాచుకున్నాం. ఆయతు అప్పుడు కోంటా దాకా జనాన్ని ఎక్కించుకుని జీపు నడుపుతున్నాడు. అందులోకి స్పీకరు పెట్టె చేసిపెట్టమని వచ్చాడు.

"పాట గుండెల్ల దిగాలె మామా. కానీ సవారీలు కాళ్లు పెట్టుకునే జాగ పోవద్దు," అన్నాడు.

చెక్కపెట్టె అయితే జాగా తినేస్తుంది. వెనక చక్రం పక్కనున్న వంకర సందులోనే ఫైబర్ పోసి, ఆ వంకరకు సరిపడా పెట్టె తీస్తానన్నారు ఆయన. జీపులోకి వంగి ఏం చూశారో ఏమో, నావైపు తిరిగి, "అన్నపూర్ణా, ఆ క్యాసెట్టు తీసిపెట్టు. చెవులు పూర్తిగా మూసుకోకముందు నీ పాట ఒక్కసారి వినాలి," అన్నారు. చెవుల సంగతి ఆయన నోటివెంట రావడం అదే మొదలు. బియ్యం ఏరుకోవాలంటూ లోపలికి పోయాను.

రేకుకు ముందు మైనం పట్టిస్తే, ఫైబర్ గట్టిపడ్డాక ఊడి వస్తుంది. చలికాలం. మైనం అయిపోయింది. జగదల్‌పూర్ వెళ్లి తెచ్చే ఓపిక లేదు. మా వంటింట్లో కోస పంపిన ఇప్పనూనె సీసాలో తెల్లగా పేరుకుని అచ్చం మైనంలాగే ఉంది. ఆ సీసా పట్టుకుని బయల్దేరారు.

"ఏమండీ, వేడి తగిలితే అది కరిగిపోతుంది," అని వంటింట్లోంచి కేకేశాను. వెనక్కి తిరిగి, నవ్వి, తలూపి వెళ్లారు.

ఫైబర్ మందు గట్టిపడేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది. నూనె కరిగిపోయింది. సాయంత్రానికి పెట్టె రేకును కరుచుకుని కూర్చుంది. గుంజారు, ఉలితో కొట్టారు. కదిలితేగా.

"ఏంది మామా, బండికి కణితి లేసినట్టున్నది," అన్నాడు ఆయతు.

ఆయన నావైపు చూశారు. "నువ్వు చెప్పావా?"

చెప్పానన్నట్టు తలూపాను. ఆయన మొహంలో నవ్వు పోయింది. ఉలి కింద పెట్టి, షెడ్డు గడప మీద కూర్చున్నారు. చెప్పలేదని ఒక్క అబద్ధం ఆడితే నా సొమ్మేం పోయేది?

ఆయతే ముందు తేరుకున్నాడు. ఆయనకు వినపడేలా దగ్గరికెళ్లి గట్టిగా అన్నాడు, "ఉండనియ్ మామా. బండితోనే ఉంటది. ఎవడూ ఎత్తుకపోడు."

పైభాగానికి సాగే గుడ్డ కావాలంటే నా ఉన్ని శాలువా ఇచ్చేశాను. అది స్పీకరు చట్రం మీద బిగించి, మందు పూశారు. అది ఆరేలోపు రోడ్డున పోయే ఖనిజం లారీల దుమ్ము వచ్చి వాలింది. ఎంత గీకినా ఆ ఎరుపు వదల్లేదు.

స్పీకరు బిగించిన రోజు ఆయన వెనక సీట్లో కూర్చుని పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. నేను ఎదుటి సీట్లో కూర్చున్నాను. ఆయతు క్యాసెట్టు పెట్టాడు. డోలు మోగింది. పెట్టె రేకులో కలిసిపోయిందేమో, జీపు మొత్తం అదిరింది.

"కోస," అన్నారు. ఎన్నాళ్లకో ఆ మొహం వెలిగింది.

తర్వాత నా గొంతు మొదలైంది. ఆయన నా పెదవులకేసి చూశారు. "అందులో నువ్వు పాడుతున్నావా?" అని అడిగారు. తలూపాను. "నా దాకా రావడం లేదే," అన్నారు.

ఆయతు క్యాసెట్టు ఆపబోతే ఆయన వద్దని చెయ్యెత్తారు. కళ్లు మూసుకుని, అరచేతికింద డోలు దెబ్బ చూసుకుంటూ నోరు తెరిచారు.

"ఎర్రకొండ దిగి వచ్చినాది నిద్ర, ఎవరింట ఆగునో చెప్పవే చిలకా..."

శ్రుతి లేదు. కానీ ఒక్క మాట తప్పలేదు. నా గొంతు ఎక్కడుంటే ఆయన గొంతు అక్కడుంది. ఇన్నేళ్లూ నా మాట గాలికి పోతోందని ఎంత సణిగానో తలుచుకుంటే సిగ్గేసింది.

రెండో చరణం నడుమ టక్కున ఆగిపోయారు. మర్చిపోయారనుకుని అందించబోయాను. అంతలో క్యాసెట్టులో, సరిగ్గా అక్కడే, దుమ్ముకు గొంతు పట్టేసి నేను దగ్గాను. ఆ దగ్గు సంగతి నాకే గుర్తులేదు. అది తగ్గేదాకా ఆగి, ఆయన మళ్లీ నాతోపాటే అందుకున్నారు.