మమ్మల్ని వాళ్ళతో కలపకండి

హ్యూస్టన్ నుంచి డాలస్ పోయే బస్సు సగం దారిలో ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగింది. ఇరవై నిమిషాలన్నాడు డ్రైవరు. కాఫీ పట్టుకుని నీడ వెతుక్కుంటున్నాను. అక్టోబరు నెలే గాని టెక్సస్ ఎండ క్యాలెండరు చూసుకోదు. అప్పుడు వెనకనించి కర్నూలు మాట వినపడింది.

"ఒరేయ్ వీరా, నిన్ను బస్టాపులో తిట్టినోళ్ళు ఎవర్రా?"

ఫోను స్పీకర్లో ఉంది. అవతలి గొంతు ముసలిది, కానీ గట్టిది. "ఎవరో కుర్రోళ్ళురా ధర్మా. ఊరంతా స్తంభాలకి ఇంగ్లండ్ జెండాలు కడతాండారు ఇప్పుడు. నన్ను చూసి ఇంటికి పోరా ముసలోడా అన్నారు. పొరపాటు పడినార్లే, సముద్రం మీద దొంగగా పడవల్లో వచ్చినోణ్ణనుకున్నారు."

"యాభై ఎనిమిదేళ్ళ నుంచీ ఆ ఇంగ్లండ్‌లోనే ఉంటివి కదరా."

"అదే చెప్పినాను. నేను ఆసుపత్రిలో కన్సల్టెంటు డాక్టరునని కూడా చెప్పినాను."

"ఏమన్నారు?"

"నవ్వినారు. అయినా నా ఓటు ఆ జెండాలోళ్ళ పార్టీకేరా. ఈ పడవలోళ్ళ వల్లనే మనకు చెడ్డపేరు."

తిరిగి చూశాను. ఎనభై దాటిన మనిషి, సన్నగా, ఆ ఎండలో కోటూ టై వేసుకుని నిలబడ్డాడు. నా మొహం చూసి ఫోను ఆపేశాడు.

"తెలుగేనా మీరు? అయితే అంతా విన్నారు."

"మీరే వినిపించారు."

"వాడికి చెవులు వినపడవు, నాకు చేతులు వణుకుతాయి. ఈ స్పీకరు లేకపోతే మా స్నేహం ఎప్పుడో పోయేది." వాచీ చూసుకున్నాడు. "నాలుగింటికల్లా డాలస్ చేరతామంటారా? ఆరున్నరకి నేనొక చోట ఉండాలి. మా అబ్బాయి ఒక తప్పు చేయబోతున్నాడు. ఆ తప్పు నేను ముందే చేసి ఉన్నాను."

ఇలా మొదలుపెట్టిన మనిషిని వదిలేసి ఎవడు వెనకసీటుకి పోతాడు? పక్కనే కూర్చున్నాను.

ఈ దేశంలో ఇన్నేళ్ళు తిరిగాను గాని బస్సులో తగిలిన తెలుగువాళ్ళు పదిమంది కూడా ఉండరు. మనవాళ్ళు విమానం దిగి కారెక్కుతారు, కారు దిగి ఇంట్లోకి పోతారు. మధ్యలో ఉన్న దేశం మీద వాళ్ళకి పెద్ద పట్టింపు లేదు. ధర్మారావు గారికీ ఇది మొదటి బస్సు ప్రయాణమే. హ్యూస్టన్‌లో కూతురు ప్రమోద ఇంట్లో ఉంటున్నాడు. డ్రైవింగు మానిపించి రెండేళ్ళయింది. కూతురు ఆఫీసుకి పోయాక కూరల సంచీలో మందులు సర్దుకుని బయల్దేరాడు.

"వాకింగ్‌కి పోతున్నానని మెసేజ్ పెట్టాను," అన్నాడు.

కొడుకు రాజ్ ఉండేది డాలస్ శివార్లలో, ఫ్రిస్కో పక్కన ఒక ఊళ్ళో. అక్కడి సిటీ కౌన్సిల్ మీటింగుల్లో జనానికి మూడేసి నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారు. ఈ ఏడాది నుంచి ప్రతి మీటింగుకీ కొందరు వచ్చి, ఇండియన్లు మా ఊరిని ఆక్రమిస్తున్నారు, వీసాలు ఆపండి, వచ్చినవాళ్ళని పంపించండి అని చెప్పిపోతున్నారు. ఈ సాయంత్రం వాళ్ళకి జవాబు చెప్పబోతున్నది రాజ్. చెప్పబోయే మాటలు పొద్దున్నే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ధర్మారావు గారు ఫోను నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషు చక్కగా ఉంది. మేము చదువుకుని, వరసలో నిలబడి, చట్టప్రకారం వచ్చినవాళ్ళం. మీ కోపం మాకు అర్థమవుతుంది. సరిహద్దు దూకి వచ్చినవాళ్ళతో, దొంగ కాలేజీల్లో పేరు రాయించుకుని వచ్చినవాళ్ళతో మమ్మల్ని కలపకండి. కింద చప్పట్ల బొమ్మలు వరసగా ఉన్నాయి.

"మొదటి చప్పట్లు నావే," అన్నాడాయన. "చదవకుండానే కొట్టాను. తర్వాత చదివాను."

"ఫోన్ చేసి చెప్పొచ్చు కదా?"

"మూడుసార్లు చేశాను. మీటింగులో ఉన్నా నాన్నా, ఐ గాట్ దిస్ అన్నాడు. అయినా ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. వాళ్ళమ్మకే చెప్పలేదు నేను."

బస్సు కదిలింది. రెండు పక్కలా చదునైన బీళ్ళు, నల్లటి ఆవులు. ఆయన కిటికీ వైపు చూడలేదు. కోటు గుండీ పెట్టుకుంటూ, తీస్తూ చెప్పుకుపోయాడు.

కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి 1967లో ఇంగ్లండ్ వెళ్ళాడు. అప్పట్లో అక్కడి ఆసుపత్రులకి డాక్టర్లు చాలక మనవాళ్ళని రమ్మనేవాళ్ళు. లాంకషైర్‌లో ఒక నూలు మిల్లుల ఊరు. పేరు చెప్పాడు గాని నేను రాయను. ఆయనకి గది అద్దెకిచ్చి, చలికి తన దుప్పటి కూడా ఇచ్చిన ముసలమ్మ ఊరు కూడా అదే మరి. ఊపిరితిత్తుల క్లినిక్‌లో పని. మిల్లుల్లో రాత్రి షిఫ్టు చేసే, పాకిస్తాన్ నుంచి వచ్చిన మీర్పూరు వాళ్ళు నూలు దుమ్ము పీల్చి పీల్చి దగ్గుకుంటూ వచ్చేవాళ్ళు. కర్నూలు ఉర్దూ అక్కడ అక్కరకొచ్చింది.

1970లో ఆయన భార్య శాంతి గారు ఏడో నెల కడుపుతో బస్సు కోసం నిలబడి ఉంటే, దారిన పోయేవాడొకడు చీర మీద ఉమ్మాడు.

"ఆ కడుపులో ఉన్నది మా రాజే."

"ఏం చేశారు మీరు?"

"ఉత్తరం రాశాను. ఇంకొకడైతే వెంటపడి కొట్టేవాడు, చేతకాకపోతే పోలీసు దగ్గరికి పోయేవాడు. నేనూ, ఇందాక ఫోన్లో మాట్లాడిన వీరాంజనేయులూ వారం రోజులు కూర్చుని ఆ ఊరి పేపరుకి ఉత్తరం రాశాం. అయిదు డ్రాఫ్టులు. మంచి ఇంగ్లీషులో చెబితే తెల్లవాడు వింటాడని మాకు నమ్మకం. ఎస్సెస్సెల్సీలో ఇంగ్లీషు ఫస్టు వచ్చినవాళ్ళం కదా."

ఆ ఉత్తరం ఆయనకి ఇప్పటికీ నోటికి వచ్చు. మేము మీరు పిలిస్తే వచ్చిన డాక్టర్లం. ఒక్కో ఇంట్లో పదిహేనుమంది కుక్కుకుని ఉండే మిల్లు కూలీలతో మమ్మల్ని కలపకండి. అచ్చయిన రోజున వార్డు మేట్రన్ మెచ్చుకుంది. పెద్ద డాక్టరు చెయ్యి కలిపాడు. నెల తిరక్కుండా మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. వలసవాళ్ళని పంపెయ్యాలనే పార్టీ ఒకటి ఆ రెండో వాక్యాన్ని కరపత్రంగా వేసి ఇంటింటికీ పంచింది. పైన పెద్ద అక్షరాల్లో, వాళ్ళ డాక్టర్లే చెబుతున్నారు చూడండి అని.

ఇక్కడ నేను మధ్యలో నోరు తెరిచాను. పుస్తకాల పురుగుకి మాట ఆగదు. వందేళ్ళ కింద ఇదే దేశంలో ఒక పంజాబీ సిపాయి, నేను ఆర్యుణ్ణి, పెద్దకులం వాణ్ణి, కాబట్టి తెల్లవాడి లెక్కే, నాకు పౌరసత్వం ఇవ్వండి అని పెద్దకోర్టు దాకా పోయాడు. కోర్టు కాదంది. కాదనడమే కాక, అంతకుముందు పౌరసత్వం దొరికిన మనవాళ్ళు చాలామంది దగ్గర అది కూడా లాక్కున్నారు. ఈ కథ చెప్పాను.

"అంటే నాకంటే ముందే ఒకడున్నాడన్నమాట," అన్నాడాయన. ఊరట ఏమీ కనపడలేదు. "ఆయన ఓడిపోయాడు. నా సంగతి అలా కాదు. నా మాట అందరూ ఒప్పుకున్నారు."

కోటు గుండీ తీసి, "రహమత్ అని ఒక పేషెంటు ఉండేవాడు," అన్నాడు. "నేత పని. ఆ కరపత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. డాక్టర్ సాబ్, తలుపు సందులోంచి పడేశారు, నాకు ఇంగ్లీషు రాదు, ఇందులో ఏముందో చదివి చెప్పండి అన్నాడు. ఇంకెవర్నీ అడగలేదు చూడండి. నా దగ్గరికే తెచ్చాడు."

"చదివారా?"

"చదివాను. సబ్బు ప్రకటన అని చెప్పాను."

"నమ్మాడా?" అన్నాను.

"షుక్రియా అని చెప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారమే వాళ్ళ వీధిలో కిటికీలు పగలగొట్టారు. తర్వాత క్లినిక్‌కి వచ్చినప్పుడు కూతుర్ని వెంట తెచ్చుకున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్ల. అంతవరకూ నేనూ ఆయనా ఉర్దూలోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు నుంచి నేను ఇంగ్లీషులో చెబితే ఆ పిల్ల వాళ్ళ నాన్నకి చెప్పేది. ఒక్క మాట అనలేదు ఆయన. మూడేళ్ళు అలాగే వచ్చాడు. ఆ పిల్లకి మందుల పేర్లన్నీ వచ్చేశాయి."

1973లో ఇల్లినాయ్ వచ్చేశాడు. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇల్లు, ముప్ఫై అయిదేళ్ళ ప్రాక్టీసు. ఇంగ్లండ్ ఎందుకు వదిలారని అడిగితే చలికి తట్టుకోలేక అని చెప్పేవాడట.

"చలికి భయపడి షికాగో పారిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే."

"ఎవరూ నిలదీయలేదా?"

"మనవాళ్ళు జీతమెంత అని అడుగుతారు గాని ఇలాంటివి అడుగుతారా? శాంతి పోయి నాలుగేళ్ళు. ఆమె కూడా చలే అనుకుంది."

మొన్నామధ్య వేసవిలో ఆ ఊళ్ళోనే, శరణు కోరి వచ్చినవాళ్ళని ఉంచిన హోటలుకి జనం నిప్పు పెట్టబోయారట. వీడియో వీరాంజనేయులే పంపించాడు. హోటలున్నది ఒకప్పటి రహమత్ వీధి చివరే. చూశావురా, ఈ పడవలోళ్ళు వచ్చి ఊరు ఎట్లా చేసినారో అని కింద రాశాడట. ఆ ఉత్తరం మీద రెండో సంతకం వీరాంజనేయులుదే.

డాలస్ చేరేసరికి నాలుగున్నర. నా తర్వాతి బస్సు మర్నాడు పొద్దున. ట్యాక్సీలో ఆయనతో పాటే ఎక్కాను. హైవే మీద కార్లు నత్తల్లా ఉన్నాయి. రాజ్‌తో చెప్పబోయేదాన్ని ఆయన నాకు అప్పజెప్పి చూసుకున్నాడు, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. సిటీ హాలు ముందు దిగేసరికి ఆరుంబావు.

పార్కింగులో సూట్లు వేసుకున్న మనవాళ్ళు పదిహేనుమంది దాకా ఉన్నారు. రాజ్‌ది తండ్రి పోలికే, కాస్త ఒళ్ళు చేశాడు.

"నాన్నా? ఒక్కడివే వచ్చావా? బస్‌లోనా? ప్రమోదకి చెప్పావా?"

"చెప్తాలే. నీతో అయిదు నిమిషాలు పనుంది, ఇట్లా రా."

"మీటింగ్ తర్వాత, ప్లీజ్."

"తర్వాత దేనికిరా? ఆ కలపకండి అనే మాట నేనొకసారి రాశాను, ఇంగ్లండ్‌లో."

"నాన్నా, అది నైంటీన్ సెవెంటీ. దిస్ ఈజ్ డిఫరెంట్. మాకు డేటా ఉంది. ఇన్‌కమ్, టాక్స్, క్రైమ్ రేట్, అన్నీ చార్ట్ చేశాం."

"మా దగ్గరా ఉండింది డేటా. ఆ పేషెంటు ఒకాయన..."

రహమత్ పేరు ఆయన నాలుక చివర ఉంది. ఇంతలో స్పందన అనే అమ్మాయి వచ్చింది. ఈ కార్యక్రమం నడిపిస్తున్నది ఆమేనట. వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. "అంకుల్, మీరు రావడం ఎంత మంచిదైందో. యాభై ఏళ్ళుగా ఇక్కడ డాక్టర్! మీలాంటివాళ్ళని చూస్తేనే వాళ్ళకి అర్థమవుతుంది మనమెవరమో. రెండు ముక్కలు మాట్లాడండి. ఆర్డర్ నేను చూసుకుంటా, ముందు మీరు, వెంటనే రాజ్ గారు."

కౌస్తుభ్ అనే కుర్రాడు అందరినీ కలిపి ఫోటో తీశాడు. ధర్మారావు గారిని మధ్యలో నిలబెట్టారు. మాట్లాడేవాళ్ళు నింపాల్సిన కార్డు ఆయన కోసం స్పందనే నింపింది.

లోపల హాలు నిండిపోయింది. ఒక పక్క మనవాళ్ళు, ఇంకో పక్క వాళ్ళు. పేరు పిలిచారు. ఆయన మైకు దగ్గరికి నడిచి కౌన్సిల్ వైపు తిరిగి నిలబడ్డాడు. మాకు వీపు మాత్రం కనపడుతోంది. ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. స్పందన వీడియో తీస్తోంది.

తన పేరు, వయసు చెప్పాడు. చీర మీద ఉమ్మడం చెప్పాడు. మనవాళ్ళు తలలూపారు. ఉత్తరం చెప్పాడు, కరపత్రం చెప్పాడు. తలలు ఆగాయి. ఒక మనిషి తనమీద విసిరిన తిట్టుని నా చేతికిచ్చి చదవమంటే, అది నేను రాసిందే అయితే, సబ్బు ప్రకటనని అబద్ధం చెప్పాను అన్నాడు. స్పందన ఫోను దించేసింది. "ఇది మీకోసం చెప్పడం లేదు," అన్నాడు కౌన్సిల్‌తో. "వెనక మా అబ్బాయి కూర్చున్నాడు. వాడు వినాలని." అప్పటికి మూడు నిమిషాలై ఎర్ర లైటు వెలిగింది. అవతలి పక్కనుంచి ఒకడు, "అయితే ఇంటికి పో," అన్నాడు. మేయరు బల్ల కొట్టి, థాంక్యూ డాక్టర్ అని, తర్వాతి పేరు పిలిచాడు.

ఆయన వచ్చి నా పక్కన గోడవైపు చివరి కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు వైపే చూస్తున్నాడు.

రాజ్ లేచాడు. మైకు దగ్గర కాయితం విప్పి నిలబడ్డాడు. మూడు నిమిషాల గడియారం తిరుగుతూనే ఉంది. వెనక్కి ఒకసారి చూశాడు, మనవాళ్ళ వరసని, తర్వాత తండ్రిని. పదిహేను సెకన్లు పోయుంటాయి. తర్వాత చదవడం మొదలుపెట్టాడు. మొదట నెమ్మదిగా చదివాడు. చార్టుల దగ్గరికి వచ్చేసరికి వేగం అందుకున్నాడు. ఏ ఒక్క వాక్యమూ తీసెయ్యలేదు. వాళ్ళతో మమ్మల్ని కలపకండి అనే చోట, ఇందాక ఇంటికి పొమ్మన్న మనిషే చప్పట్లు కొట్టాడు. అటుపక్క ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు. మనవాళ్ళ మొహాలు వెలిగాయి.

ధర్మారావు గారు లేచాడు. పక్కనున్న నా మోకాళ్ళని తప్పించుకుంటూ వరసలోంచి బయటికి వచ్చాడు, నా వైపు చూడలేదు. రాజ్ కాయితం మీదనుంచి కళ్ళెత్తి చూశాడు. ఒక మాట తడబడింది. గడియారంలో ఇంకా నలభై సెకన్లుండగా మళ్ళీ చదువుకుపోయాడు.

నేను తలుపు దాకా పోయి అద్దంలోంచి చూశాను. ఆయన కొడుకు కారున్న పార్కింగు వైపు తిరగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ నడవని పేవ్‌మెంటు పట్టుకుని, కార్లకి ఎదురుగా, ఒక్కడే వేగంగా పోతున్నాడు.