ఎముక చూపిస్తే గానీ గుర్తుపట్టడు

నీడల డాక్టరుగారు మనిషిని ముఖం చూసి గుర్తుపట్టిన పాపాన పోలేదు. ఎముక చూపిస్తే మాత్రం పేరుతో సహా చెప్పేస్తాడు. సొంత బావమరిది వీధిలో ఎదురొచ్చి పలకరిస్తే ఎవరండీ మీరు అని అడిగాడట. ఆ బావమరిది ఒళ్ళుమండి, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న మోచేయి ముందుకు చాపాక గానీ, "ఓ, నువ్వా, ఎప్పుడొచ్చావ్" అనలేదు. కట్టుకున్న భార్య భోజనం క్యారియరు పట్టుకొస్తే, తలెత్తకుండానే టోకెన్ తీసుకుని కూర్చోమన్నాడు. ఆ మహాతల్లి నిజంగానే టోకెన్ తీసుకుని, నంబరు పిలిచేదాకా కూర్చుందని చెప్పుకుంటారు.

ఎక్స్‌రేలూ స్కానింగులూ చూసి, లోపల ఏముందో రాసిచ్చే డాక్టరు ఆయన. పొద్దస్తమానం నల్లటి ఫిల్ముల మీద నీడలు చూస్తూ కూర్చుంటాడు గనక ఆ పేరు పడింది. వేసుకునే తెల్లకోటుకు రెండో బొత్తాం ఎప్పుడూ దారానికి వేలాడుతూనే ఉంటుంది.

ఈ సంగతులేవీ బొత్తాలమ్మకు తెలియవు. ఆవిడ యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఇరవయ్యేళ్ళుగా బొత్తాలు కుడుతోంది. భర్త సిటీబస్సు కండక్టరు. నెల్లాళ్ళుగా దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయిస్తే, కుడి ఊపిరితిత్తిలో చొక్కా బొత్తామంత మచ్చ కనిపించింది. ఛాతీ డాక్టరు దాన్ని వేలితో చూపించి, పెద్ద స్కానింగ్ తీయించి, దాన్ని చదివే డాక్టరు చేత రిపోర్టు రాయించి శుక్రవారం లోపల తెమ్మన్నాడు. క్యాన్సరాండీ అని ఆవిడ అడిగింది. రిపోర్టు రానివ్వమ్మా అన్నాడు గానీ కాదనలేదు. ఆ కాదనకపోవడంతోనే ఆవిడకు సగం ప్రాణం పోయింది.

వాళ్ళకున్న ఆధారమల్లా ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు. దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి సోమవారం బయల్దేరింది. మొదటి సెంటరు గేటు మీద కార్డు తీసుకోబడునని నిలువెత్తు బోర్డుంది. లోపలికెళ్తే, అది పాత బోర్డండీ, తీయించడానికి మనిషి దొరకట్లేదు అన్నారు. రెండో చోట మిషన్‌కు కార్డు చెల్లుతుంది గానీ, చదివే డాక్టరుకు చెల్లదు. బొమ్మ మాత్రం తీసిస్తారట, అందులో ఏముందో అడక్కూడదట. మంగళవారం మూడో చోట కార్డువాళ్ళకు రెండు నెలల తర్వాతే తేదీ అన్నారు.

"అప్పటిదాకా మనిషుండాలి కదండీ," అంది బొత్తాలమ్మ.

"ఉంటేనే తీసుకురండి," అన్నాడు గుమాస్తా. ఆ మాట అన్నట్టు కూడా అతనికి తెలియదు, వెంటనే తర్వాతి నంబరు పిలిచేశాడు.

బుధవారం నాలుగో చోట వాచ్‌మన్ కార్డు చూసి తలుపే తీయలేదు. వెనక్కి తిరుగుతుంటే మెట్ల మీద చెప్పు పుటుక్కున తెగింది. అంతే, మూడు రోజులుగా బిగబట్టిన ఏడుపంతా కట్టలు తెంచుకుంది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. వాచ్‌మన్‌కు ఏం తోచిందో ఏమో, మెట్లు దిగొచ్చి, వెనకవీధిలో టైర్ల కొట్టు మీద మేడకు వెళ్ళమన్నాడు. ఆయన కార్డు తీసుకుంటాడనీ, కాకపోతే తిక్కమనిషనీ, కళ్ళెదుట చచ్చిపోతున్నా తలెత్తి చూడడనీ హెచ్చరించాడు.

తిక్కమనిషో, దయ్యమో, కార్డు తీసుకుంటే చాలనుకుంది బొత్తాలమ్మ. ఒక కాలికి చెప్పూ, ఒక చేతిలో చెప్పూ పెట్టుకుని మేడెక్కింది.

గదంతా చీకటి. వెలిగే అద్దం ముందు ఒక బట్టతల వంగి ఉంది. ఆ తల లేవలేదు. ఒక చెయ్యి మాత్రం ఫిల్ము కోసం వెనక్కి సాగింది. ఆవిడ గబగబా కార్డు సంగతీ, భర్త సంగతీ చెప్పబోతే, కార్డు మాట నా దగ్గర ఎత్తకండి, బయట అటెండరుతో చెప్పుకోండి అన్నాడు. హతవిధీ, ఐదోదీ గోవిందా అనుకుందావిడ. తలెత్తి సాటి మనిషిని చూస్తే ఈయన సొమ్మేం పోతుందని లోపల్లోపల తిట్టుకుంది కూడా. ఆయన ఫిల్మును అద్దానికి తగిలించి, ముక్కు ఆనేంత దగ్గరగా చాలాసేపు చూశాడు. ఆ చాలాసేపటిలో బొత్తాలమ్మ భర్త లేని ఇంట్లో పదేళ్ళు బతికింది.

"ఈయన్ని నేనెరుగుదును," అన్నాడాయన.

"ఆయన మిమ్మల్నెప్పుడూ చూడలేదండీ."

"నేనూ ఆయన్ని చూడలేదు. ఎడమవైపు మెడ కింద ఒక పక్కటెముక ఎక్కువుంది, చూశారా. ఇలాంటిదాన్ని ఎలా మర్చిపోతాను. రేపు ఆయన్ని స్కానింగుకు తీసుకురండి."

బయట ముసలి అటెండరు కార్డు నంబరు రాసుకుంటూ, ఆయన తిక్కకు కారణం చెప్పాడు. డాక్టరుగారు పూర్వం పెద్ద సెంటర్లో పనిచేసేవారు. అక్కడ కార్డువాళ్ళ ఫిల్ములకు పసుప్పచ్చ కాయితం అంటించి, దొంతరలో అడుక్కి తోసేవారు. ఒకసారి అడుగునున్న ఫిల్ము ఈయన చేతికి వచ్చేసరికి ఆ మనిషి పోయి తొమ్మిది రోజులైంది. రిపోర్టు రాసి, కింద సంతకం పెట్టి, ఆ సాయంత్రమే ఉద్యోగం మానేశారు.

"ఇక్కడ ఫిల్ము మీద నంబరు తప్ప ఇంకేం ఉండకూడదన్నారు. మనిషిని చూస్తే తెలిసిపోద్ది కదమ్మా, ఎవరిది కార్డో ఎవరిది క్యాషో. అందుకే తల దించుకుంటారు."

బొత్తాలమ్మ తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది.

గురువారం కండక్టరుకు స్కానింగ్ అయింది. రిపోర్టు మాత్రం రాలేదు. లోపల్నుంచి డాక్టరుగారు ఇంటికి ఫోన్ చేసి, మంచం కింద తలవైపు మూడో కట్ట పంపమనడం వినిపించింది. సర్కారు ఆస్పత్రివాళ్ళు పాత ఫిల్ములన్నీ తుక్కుకు వేసేస్తుంటే, ఎవరికి ఎప్పుడు పనికొస్తాయోనని ఈయన బండికెత్తించి ఇంటికి తెచ్చుకున్నాడట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో బీరువా మీదా ఫిల్ములే, మంచం కిందా ఫిల్ములే. అరగంటకు ఆయన భార్య చెమటలు కక్కుతూ కట్ట మోసుకొచ్చింది.

"టోకెన్ తీసుకుని కూర్చోండి," అన్నాడు డాక్టరు, తల దించుకునే.

ఆవిడ కట్ట ఆయన ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

కండక్టరు ఉద్యోగంలో చేరినప్పుడు సర్కారు ఆస్పత్రిలో పరీక్ష కోసం తీసిన ఎక్స్‌రే అందులో దొరికింది. పదకొండేళ్ళ నాటిది. రెండు ఫిల్ములూ పక్కపక్కన తగిలించి భార్యాభర్తల్ని పిలిచాడు. రెండింట్లోనూ అదే ఎక్కువ ఎముక, అదే మచ్చ.

"పదకొండేళ్ళుగా ఇంతే ఉంది. ఎప్పుడో వచ్చి మానిపోయిన జబ్బు తాలూకు మచ్చ ఇది, స్కాన్ కూడా అదే చెప్తోంది. క్యాన్సరు కాదు. దగ్గు మందులకు తగ్గుతుంది," అన్నాడు ఫిల్ముతో.

బొత్తాలమ్మ గోడకు చేరబడిపోయింది. కండక్టరు దండం పెట్టాడు గానీ, చూసినవాళ్ళెవరూ లేరు.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున బొత్తాలమ్మ తన భర్త పనిచేసే బస్సులోనే కార్ఖానాకు వెళ్తోంది. డాక్టరుగారు తెల్లకోటుతోనే ఎక్కాడు. కండక్టరు ఆప్యాయంగా నవ్వితే, ఎవరో పొరబడ్డాడనుకుని పక్కకు జరిగాడు.

"డాక్టరుగారూ, ఎడమవైపు ఎముక ఎక్కువండీ."

"అరె, మీరా," అంటూ ఆయన ముఖం వెలిగిపోయింది. దగ్గెలా ఉందో అడిగాడు, వేళకు తినమన్నాడు. దిగేముందు ఆడవాళ్ళ సీటు పక్కన ఆగి, తల దించుకునే మెల్లిగా అడిగాడు.

"చెప్పు కుట్టించుకున్నారా అమ్మా?"

బొత్తాలమ్మ తన కాళ్ళవంక చూసుకుంది. తన ఎముక ఒక్కటి కూడా ఆయన ఎప్పుడూ చూడలేదే.

"కుట్టించుకున్నానండీ," అంది. "మీ బొత్తామే ఇంకా వేలాడుతోంది. కదలకుండా నిలబడండి."

సంచిలోంచి సూదీ దారం తీసింది. స్టాపు వచ్చి బస్సు ఆగింది. వెనకనుంచి ఎవరో పోనివ్వవయ్యా అని విసుక్కున్నా, ఆవిడ దారం కొరికేదాకా కండక్టరు విజిలు వేయలేదు.